సారవ్వ అడిగిన సొరుగులు

ఎల్లేశం ఎక్కడ కూర్చోబోయినా ముందు పైకి చూస్తాడు. పెళ్లిపందిరి కావచ్చు, దవాఖాన వరండా కావచ్చు, చేతిలో కర్ర ఉంటే దాంతో, లేకుంటే కళ్లతో పైకప్పును ఓసారి తట్టి చూసి అప్పుడు చతికిలబడతాడు. గోదావరిఖనిలో దీనికి ఎవరూ నవ్వరు. భూమి కింద పని చేసి పైకి వచ్చిన ముసలివాళ్లకు ఇలాంటి అలవాటు ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

ఆయన బాయిలో టింబర్ పని చేశాడు. బొగ్గుగనిని అక్కడ బాయి అనే అంటారు. బొగ్గు తీసిన చోట పైనున్న బండ దిగిపోకుండా కింద కర్రదుంగలు నిలబెట్టడం, దుంగకూ బండకూ నడుమ చెక్కచీలలు దూర్చి సమ్మెటతో బిగగొట్టడం ఆయన పని. చీల మీద మొదటి దెబ్బ మొద్దుగా పడుతుంది. బిగుసుకునే కొద్దీ చప్పుడు సన్నబడి చివరికి ఖంగుమంటుంది. ఆ ఖంగు చెవిన పడేదాకా ఎల్లేశం సమ్మెట దించేవాడు కాదు.

"వదులు దుంగ పెట్టుడు కన్న పెట్టకపోవుడే నయం. లేదనుకుంటే మనిషి పైలంగ ఉంటడు. ఉన్నదనుకుంటే దాని కిందికి పోతడు" అని కొత్తగా పనిలో చేరినవాళ్లకు చెప్పేవాడు.

దుంగలు ఊరికే నిలబడి ఉండవు, మాట్లాడతాయి కూడా. బండ బరువు మీద పడుతుంటే ముందు కిర్రుమంటాయి, తర్వాత చిటచిటలాడతాయి. టప్పున పగిలిన చప్పుడు వచ్చిందంటే మాత్రం సద్దిగిన్నె కోసం కూడా వంగకూడదు. పక్కనున్న మనిషి రెక్క పట్టుకుని ఉరకడమే. ఆ చప్పుడు విని బతికి బయటపడ్డవాడు ఎల్లేశం, ఒక్కసారి కాదు. పనిలో ఉన్నంతకాలం ఇంటికి క్షేమంగా వచ్చాడంటే ఆ చెవుల పుణ్యమే అని భార్య సారవ్వ కూడా అనేది.

సారవ్వ చెయ్యి చురుకైన మనిషి. మూడు షిఫ్టుల మొగుడితో కాపురం చేస్తూనే బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు వేయడం, దారం కట్టడం కళ్లకు ఆనకుండా జరిగిపోయేవి. వాళ్లకు పిల్లలు లేరు. దాని గురించి ఇద్దరూ మొదట్లో ఏడ్చారు, తర్వాత మాట్లాడడం మానేశారు. ఎల్లేశం రిటైరై కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, ఊరి చివర కట్టుకున్న రెండు గదుల రేకుల ఇంట్లోకి మారిన ఏడాదికే, ఓ పొద్దున నల్లా దగ్గర సారవ్వ చేతిలోంచి బిందె జారింది. వంగి తీసుకోబోయింది. చెయ్యి కదల్లేదు. మూతి వంకరపోయింది.

దవాఖాన నుంచి వచ్చాక మూతి సర్దుకుంది. మాట తిరిగొచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడవగలిగింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. బీడీలు చుట్టిన చెయ్యి కొంగులో దాచుకున్న వస్తువులా పక్కన వేలాడుతూ ఉండిపోయింది.

అప్పటి నుంచి ఎల్లేశం ఆమెకు అన్నీ తానే అయ్యాడు. తల దువ్వాడు, జాకెట్టు గుండీలు పెట్టాడు, కుచ్చిళ్లు పోశాడు. దుంగ నిలబెట్టినప్పుడు ఎంత శ్రద్ధో ఇక్కడా అంతే. ఆమె లేవబోతే, "ఆగు, నేనొస్తున్న" అనేవాడు. గడప దాటబోతే, "పడతవ్, కూసో" అనేవాడు. బజారుకు పోవాలంటే బయట గొళ్లెం పెట్టి, తాళం వేసి పోయేవాడు. లోకం అంతా ఎల్లేశం లాంటి మొగుడు ఉండడని మెచ్చుకుంది.

ఒకనాడు సారవ్వ అంది. "నాకో పని చేసిపెడ్తవా?"

"చెప్పు."

"నా చీర నేను తీస్కోవాలె. బీరువాకు ఒక చెయ్యి పిడి తిప్పాలె, ఒక చెయ్యి గుంజాలె. సందుగుకు ఒక చెయ్యి మూత పట్టాలె, ఒక చెయ్యి లోపల పెట్టాలె. నాకున్నది ఒక్కటే. సొరుగులు చెయ్యి. ఒక్క చేత్తోని గుంజితే వచ్చేటట్టు."

"నేను తీసిస్తనే ఉన్న గదనే."

"గదే వద్దంటున్న."

కలప కూడా ఆమే చూపించింది. పుట్టిన ఊరు ఓపెన్‌కాస్ట్ గని కిందికి పోయినప్పుడు తల్లిగారింటి టేకు తలుపులు అక్కాచెల్లెళ్లు పంచుకున్నారు. ఆమె వంతుకు వచ్చిన పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. పాత ఇంట్లో పుట్టిన చెక్క, కొత్త ఇంట్లో ఏదో ఒకటై పడి ఉండనీ అనుకుంది.

రెండువేల పది ఎండాకాలం. ఎల్లేశం వాకిట్లో పరదా కట్టుకుని పని మొదలుపెట్టాడు. దుంగలు కోసిన చేతికి పలకలు ఓ లెక్కా! చెక్క నునుపు చేసే రంద, ఉలి కొనుక్కున్నాడు. పక్కగల్లీ వడ్రంగి అస్గర్ దగ్గర బిగింపు పట్టీలు అడిగి తెచ్చుకున్నాడు. అస్గర్ సాయంత్రం అటుగా వచ్చి సొరుగు అడుగుచెక్క చూసి ఆగాడు. చుట్టూ సరేసు జిగురు పూసి, నాలుగు వైపులా మేకులు కొట్టి ఉంది.

"ఎల్లేశమన్నా, చెక్కకు జర ఊపిరి ఆడనియ్యవా? సందు పెట్టాలె."

"సందా? మా బాయిల సందు పెడితే మనిషి ఇంటికి రాడు భాయ్."

"గది బాయి. ఇది బట్టల పెట్టె."

"చెక్క చెక్కనే గదా."

అస్గర్ తల ఊపాడు. "అయితే ప్లైవుడ్ ముక్క కొట్టు, పీడ పోతది."

"సారవ్వ అవ్వగారింటి తలుపులు ఇవి. ప్లైవుడ్ కొట్టి వీటిని పొయ్యిల పెట్టాల్నా?"

అస్గర్ నవ్వి వెళ్లిపోయాడు. ఒకరి ఇంట్లో ఒకసారికి మించి సలహా చెప్పే మనిషి కాదు.

సొరుగులు బ్రహ్మాండంగా వచ్చాయి. సారవ్వ ఎడమచేత్తో గుంజింది. జరజరా వచ్చింది. చీర తీసుకుంది, ఒళ్లో పెట్టుకుంది, మళ్లీ లోపల పెట్టింది, మళ్లీ తీసింది. పక్కింటి జమున వస్తే ఆమె ముందు కూడా తీసి చూపించింది. ఆ నెలంతా సారవ్వ ముఖంలో పాత వెలుగు కనబడింది. ఎల్లేశం అది చూసి మురిసి, మూడు సొరుగుల అడుగులకూ మరో వరుస మేకులు దిగగొట్టాడు.

మృగశిర కార్తె దాటి ముసురు పట్టుకున్నాక సొరుగు కదలడం బరువైంది. ఆషాఢానికి పూర్తిగా బిగుసుకుపోయింది. ఎల్లేశం రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి గుంజితే వచ్చేది. సారవ్వ గుంజితే పెట్టె అంతా ముందుకు జరిగేది కాని సొరుగు వచ్చేది కాదు.

ఓ రోజు ఆయన బయట గొళ్లెం పెట్టి, తాళం వేసి గ్యాసు బండ కోసం పోయాడు. సారవ్వ స్నానం చేసింది. పొడి చీర సొరుగులో ఉంది. సొరుగు రాలేదు. అదే సమయానికి గోలేటి నుంచి ఆమె చెల్లెలు పోశవ్వ, తన మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. తలుపుకు బయట తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే అక్క తడి చీరలో, తలుపుకు వీపు పెట్టి, నేల మీద కూర్చుని వణుకుతోంది. మరిది ముఖం తిప్పుకుని రోడ్డు మీదికి పోయాడు.

ఎల్లేశం గ్యాసు బండతో వచ్చేసరికి పోశవ్వ అరుగు మీద ఉగ్రంగా ఉంది. "ఏంది బావా, మా అక్కను కోడిని గంప కింద కమ్మినట్టు కమ్మి పోతున్నవ్?"

"పడతదని..."

"పడితే లేస్తది. ఎవలన్న లేపుతరు. గొళ్లెం పెడితే ఎవలు లేపాలె?"

ఆ రోజు నుంచి గొళ్లెం మానేశాడు. సొరుగుల పక్కలను రందతో తీసి పలచన చేశాడు. ఎలాగో కదిలాయి. కాని సారవ్వ వాటిని తీయడం తగ్గించింది. రెండు చీరలు దండెం మీదే ఉంచుకుని మార్చి మార్చి కట్టుకుంది.

మరుసటి ఏడు ఎండలు చెప్పనలవి కానంతగా కాశాయి. రామగుండం ఎండలంటే లోకానికి తెలిసిందే. మధ్యాహ్నాలు కుక్కలు కూడా మోరీల్లోంచి లేవవు. అలాంటి ఓ మధ్యాహ్నం సారవ్వ చీర విప్పి పక్కన పెట్టి, లంగా జాకెట్టుతో చల్లటి గచ్చు మీద పడుకుని ఉంది. ఎల్లేశం గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. అంతకుముందే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయి రేకులు గడగడలాడాయి. అది రోజూ ఉండేదే. ఆయనకు మెలకువ కూడా రాలేదు.

తర్వాత టప్పుమంది.

ఎల్లేశం లేచాడు. లేచింది ఇంట్లో కాదు, బాయిలో. కళ్లు తెరిచాడో లేదో ఆయనకే తెలియదు. పక్కనున్న మనిషి రెక్క పట్టుకున్నాడు. అది చచ్చుపడిన కుడిరెక్క. పట్టుకుని ఉరికాడు. గచ్చు మీద, గడప మీద, వాకిట్లో రాళ్ల మీద ఈడ్చుకుపోయి, రోడ్డు మధ్యలో ఆమె మీద బోర్లా పడి, రెండు చేతులతో ఆమె తల కప్పాడు.

సారవ్వ కేక గల్లీ అంతా విన్నది. నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడినవాళ్లు పరుగున వచ్చారు. ఇల్లు చెక్కుచెదరకుండా ఎదురుగా ఉంది. ఒకరిద్దరు నవ్వారు. ఇంకొకరు, "తాగిండా ఏంది ముసలాయిన?" అన్నారు. జమున తన ఇంట్లోంచి దుప్పటి తెచ్చి సారవ్వ మీద కప్పి, ఆయన్ను పక్కకు లాగింది.

"కాకా, లెవ్వు. ఏం కాలే. లెవ్వు కాకా."

"పైకప్పు..." అన్నాడు ఎల్లేశం.

"కప్పు పడలే," అంది సారవ్వ కింద నుంచి, రొప్పుతూ. "నా ఇజ్జత్ పడ్డది."

లోపలికి పోయి చూస్తే నడిమి సొరుగు అడుగుచెక్క ఈ కొస నుంచి ఆ కొసకు చీలి ఉంది.

సారవ్వ భుజం వాచింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. నాటు వైద్యుడు కట్టు కట్టాడు. నొప్పి తగ్గింది కాని ఆమె మాట తగ్గిపోయింది. ఎల్లేశం అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెస్తే తల పక్కకు తిప్పి, ఎడమచేత్తో గిన్నె తన వైపు లాక్కుంది.

"నొప్పి ఉన్నది గదా, నేను తినిపిస్త."

"పెండ్లాన్ననుకున్నవా, దుంగననుకున్నవా?" అంది. "నిలబెట్టుడు, చీల కొట్టుడు, ఇగ కదలకు అనుడు. గంతేనా?"

ఆయన గిన్నె వదిలేశాడు. వాకిట్లోకి పోయి చాలాసేపు కూర్చున్నాడు. తను తప్పు చేశాడా అంటే చేసినట్టే ఉంది. ఎక్కడ చేశాడంటే తెలియడం లేదు. ఆ చప్పుడు విని ఉరకకుండా ఉండడం ఎలాగో బాయిలో పని నేర్పిన ఏ సర్దారూ ఆయనకు నేర్పలేదు. మళ్లీ ఆ చప్పుడు వస్తే మళ్లీ ఉరుకుతాడు. అది ఆయనకు తెలుసు. సారవ్వకూ తెలుసు. ఇక ఆ చప్పుడు ఇంట్లో రాకుండా చేయడం ఒక్కటే ఆయన చేతిలో ఉంది.

పొద్దుగూకే ముందు చీలిన సొరుగు చంకన పెట్టుకుని అస్గర్ దుకాణానికి పోయాడు. అస్గర్ దాన్ని తిరగేసి చూశాడు.

"గిన్ని మేకులా! దీన్ని దొంగలు ఎత్తుకపోతరనుకున్నవా అన్నా?"

"ఎందుకు పగిలింది భాయ్?"

"ఇటు రా. నార ఎటు పోతున్నది చూడు." చెక్కలోని గీతల వెంట వేలు రాశాడు. "చెక్క ఈ నార పొడుగున పెరగది. అడ్డం పెరుగుతది. మనిషి మస్తు తింటే పొడుగైతడా? కడుపే వస్తది. నువ్వు నార ముందుకెళ్లి వెనకకు పెట్టినవ్. వానకాలం నీళ్లు తాగి దీని కడుపు రెండు పక్కలకు వచ్చింది, పక్కపలకలను తన్నింది. డ్రా పోయి పెట్టెల ఇరికింది. ఎండకాలం కడుపు లోపలికి పోదామన్నది. నువ్వు పోనియ్యలే. చుట్టూత మేకులు కొట్టి పట్టినవ్. నడుమ చీలక ఏం చేస్తది, గరీబుది?"

"గంత పాత తలుపులు. ఇంకా పెరుగుతయా?"

"నా ఉమర్ అరవై. నాకు కోపం వస్తలేదా? చెక్క సచ్చినా దాని అలవాటు సావది."

ఇద్దరూ కలిసి అడుగులన్నీ కొత్తగా చేశారు. ఈసారి నార ఎడమ నుంచి కుడికి. ముందుపలకకూ పక్కపలకలకూ లోపల గాడి తీశారు. అడుగుచెక్క అంచును రందతో పలచన చేసి, సరేసు లేకుండా, వెనక నుంచి గాడిలోకి జార్చారు. వెనకపలకను కొంచెం పైకి ఎత్తి పెట్టారు, అడుగుచెక్క దాని కిందుగా వెనక్కి పోవడానికి వీలుగా. పెట్టె వెనకగోడకు తగలకుండా పెన్సిలంత చోటు వదిలారు. చెక్కను పట్టి ఉంచడానికి వెనక నడుమ ఒక్కటే మరమేకు. ఆ మర రంధ్రాన్ని కూడా అస్గర్ గుండ్రంగా తొలవలేదు, చింతగింజలా కోలగా తొలిచాడు. చెక్క జరిగితే మర దగ్గర కూడా చోటుండాలని.

ఎల్లేశం చెయ్యి అలవాటుగా సరేసు డబ్బా మీదికి పోయింది. అస్గర్ డబ్బా తీసి పైఅరలో పెట్టాడు.

"ఒక్క చుక్క భాయ్. మూలకు."

"ఒక్క చుక్కకే సచ్చేది."

సొరుగు చేతిలోకి తీసుకుని ఊపాడు ఎల్లేశం. అడుగు గాడిలో కటకటలాడింది. ఆయన పళ్లు బిగించాడు. "ఊగుతున్నది."

"ఊగనీ."

"చప్పుడైతున్నది."

"కానీ అన్నా. వాన పడనీ, అదే సర్దుకుంటది. నువ్వు సర్దకు."

ఆ వానాకాలం సొరుగు ఒక్కరోజు కూడా బిగియలేదు. ఎల్లేశం రోజూ పొద్దున్నే వెనక నుంచి వేలు పెట్టి చూసేవాడు. చోటు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, శ్రావణంలో గోరు పట్టేంత దగ్గర ఆగిపోయింది. అస్గర్ చెప్పినట్టే కటకట కూడా పోయింది. సారవ్వ ఎడమచేతి రెండు వేళ్లతో గుంజితే సొరుగు వచ్చేది. ఆమె మళ్లీ చీరలు మార్చుకోవడం మొదలుపెట్టింది. ఎల్లేశానికి ప్రాణం లేచొచ్చింది. ఇక అంతా మునుపటిలా అవుతుందనుకున్నాడు.

వినాయక చవితి దాటాక ఓ పొద్దున సారవ్వ సొరుగులోంచి ఒక్కో చీర తీసి సంచిలో పెట్టుకోవడం చూశాడు.

"ఏందది?"

"పోశవ్వ కాడికి పోత. గోలేటికి."

"ఎన్నొద్దులకు?"

"పోతే గదా తెల్సేది."

"ఈడ ఏం తక్వయింది నీకు?"

సారవ్వ చీర మడత మీద గడ్డం ఆనించి నొక్కి, ఎడమచేత్తో సగానికి మడిచింది. అలా మడవడం ఎప్పుడు నేర్చుకుందో ఆయనకు తెలియదు. "తక్వ కాలే. ఎక్వయింది" అంది.

"నీ కోసమే గదనే అన్నీ చేసింది."

"నేను కాదన్ననా? నీ అసొంటి మొగోడు ఉండడు. కానీ నువ్వు నిద్రల ఉన్నా నా దిక్కే చెవి పెట్టి ఉంటవ్. నేను దగ్గితే లేస్తవ్. నాకు భయమైతున్నది, దగ్గాలంటే."

ఎల్లేశం సంచి మూతి పట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె పోదామనుకున్న వారానికే సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు ఆగిపోయాయి. షిఫ్టు సైరన్లకు అర్థం లేకుండా పోయింది. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిన్నది. రైలు ఉంది కాని, ఆమెను రైలెక్కించడం ఇద్దరు మనుషుల పని. "బస్సులు నడిచినంక పోత" అని సారవ్వ సంచిని మంచం పక్కన పెట్టుకుంది.

ఎల్లేశం రోజూ దీక్షా శిబిరానికి పోయి రిటైరైనవాళ్లతో కూర్చునేవాడు. తెలంగాణ రావాలని ఆయనకు మాత్రం లేదా? డప్పు మోగితే ఆయన గొంతూ లేచేది. కాని సాయంత్రం ఎవరైనా వచ్చి, "రేపో మాపో తేలిపోతదట" అంటే మంచం పక్కనున్న సంచి గుర్తొచ్చేది. జీతాలు లేక ఇళ్లలో పొయ్యిలు చల్లబడుతున్న మనుషుల మధ్య కూర్చుని, సమ్మె ఇంకా కొన్నాళ్లు సాగితే బాగుండునని కోరుకున్న మనిషి తానొక్కడే. ఆ సంగతి తలుచుకుని ఆయన ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాడు.

బతుకమ్మ పండుగ ఆ సమ్మెలోనే వచ్చి పడింది. చివరి రోజు, సద్దుల నాడు, సారవ్వ సొరుగులోంచి పట్టుచీర తీసుకుని లోపలి గది తలుపు దగ్గరికి వేసుకుంది. ఎల్లేశం అరుగు మీద ఉన్నాడు. లోపల గాజులు గోడకు తగిలిన చప్పుడు, కాలు ఈడ్చిన చప్పుడు, ఒకసారి దబ్బున ఏదో పడిన చప్పుడు వినిపించాయి. లేచి తలుపుదాకా పోయాడు. చెయ్యి ఎత్తాడు. లోపల ఊపిరి ఎగపోస్తున్నది వినిపించింది. పడింది మనిషి కాదు, ముక్కాలిపీట. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. కుచ్చిళ్లు ఓ పక్కకు జారి ఉన్నాయి. ఆయన నోరు తెరిచి మళ్లీ మూశాడు. ఆమె అది చూసింది.

"వంకరున్నయా?"

"ఉన్నయ్."

"ఉండనీ" అని, జమున భుజం పట్టుకుని బతుకమ్మల దగ్గరికి నడిచింది.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు సమ్మె ఆగింది. తెలంగాణ ఇంకా రాలేదు. బస్సులు మాత్రం వచ్చాయి. మొదటి బస్సు హారన్ వినిపించినప్పుడు సారవ్వ తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగలేదు.

బస్టాండులో మంచిర్యాల మీదుగా బెల్లంపల్లి పోయే బస్సు కిక్కిరిసి ఉంది. బెల్లంపల్లిలో పోశవ్వ వచ్చి దింపుకుంటానంది. సారవ్వ ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. కండక్టర్, "జల్ది అవ్వా" అన్నాడు. వెనకవాళ్లు గొణిగారు. ఎల్లేశం సంచి పట్టుకుని కింద నిలబడ్డాడు. రెండో మెట్టు దగ్గర ఆమె కాలు జారింది. ఆమె కడ్డీని కరుచుకుని నిలదొక్కుకుంది. అప్పటికే ఆయన నోట్లోంచి "పైలం" అన్న మాట వచ్చేసింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఎవరో లేచి చోటిస్తే కిటికీ పక్కన కూర్చుంది. ఎల్లేశం సంచి అందించాడు. ఆమె ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, దాని మీద సంచి పెట్టుకుంది.

"చెట్నీ గిన్నెల ఉన్నది. రెండొద్దులు వస్తది," అంది. "అన్నం వండుకో. ఊకె చాయ తాగి పండకు."

"నువ్వు గోళీలు మర్చిపోకు."

"మర్చిపోను."

"ఎప్పుడొస్తవ్?"

బస్సు మోత ఎక్కువైంది. ఆమె ఏదో అన్నట్టుగా ఉంది, అనలేదేమో కూడా. పెదవులు కదిలినట్టనిపించింది, అంతే. బస్సు చౌరస్తా తిరిగి బొగ్గు లారీల వెనక కలిసిపోయింది.

టీ బండి దగ్గర పాత బాయి మనిషి ముత్యం పలకరించాడు. "ఎవలను ఎక్కిచ్చినవ్ ఎల్లేశం బావా?"

"మా ఇంటామెను. గోలేటికి."

"ఒక్కదాన్నే పంపినవా, గట్ల ఉన్న మనిషిని? మళ్లెప్పుడొస్తది?"

ఎల్లేశం బస్సు పోయిన రోడ్డు వైపు చూశాడు.

"బస్సులు నడుస్తున్నయ్ గదా" అన్నాడు.